చెలమ నీళ్ళ కడవ

కురిసే మబ్బు కాదిది, పడమట లేచి ఆకాశమంతా పలచగా పరుచుకుని కదలకుండా నిలిచిపోయింది, గోడకు ఒక పూత సున్నం వేసి రెండో పూతకు మనిషి రాకుండా పోయినట్టుంది, సున్నం మాట తలపుకు రాకూడదనే కదా దేవేంద్రప్ప పొద్దున్నే లేచి పెరట్లోకి వచ్చింది, కిందికి చూస్తే మొక్క మొదలు కనిపిస్తుందని పైకి చూశాడు, పైన ఆ సున్నపు తెలుపే, మళ్ళీ తల దించుకున్నాడు, అప్పుడే రోడ్డు వైపు నుంచి దబ్బుమని చప్పుడు, ఇంకో బండ దించారు, హనుమన్న కొత్తిల్లు కడుతున్నాడు, నేలకు పరిచే బండలు బేతంచెర్ల నుంచి నిన్న సాయంత్రం లారీలో వచ్చాయి, పొద్దుపోయిందని ఊరుకుని ఇప్పుడు దించుతున్నారు, ఒక్కో బండ ఇద్దరు పట్టాలి, అన్నీ దించితే లారీ ఖాళీ, ఖాళీ లారీ తిరిగి బేతంచెర్లకు, అందులో ఎక్కిపోతాడు జిలాని బాషా, ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి గోడలకు సున్నం వేసినవాడు, ఇకమీదట అక్కడ బండలకు నునుపు పెట్టే పని చేసుకుని బతుకుతాడట, ఎందుకు పోతున్నాడో ఊరంతటికీ తెలుసు, నిజంగా ఎందుకో మాత్రం ఇద్దరికే తెలుసు, పోయేవానికీ, ఈ పెరట్లో నిలబడినవానికీ, దబ్బుమని ఇంకొకటి, ఒక లారీలో ఎన్ని బండలు పడతాయో, ఎన్ని మిగిలాయో, అన్నీ దించేలోపల పోయి ఒక్క మాట చెప్పాలి, ఇరవై రోజులుగా నోట్లోనే ఉన్న మాట, కాళ్ళు మాత్రం సంపంగి ముందరనే నాటుకుపోయాయి.

సంపంగి అంటే ఇప్పుడు ఒక పుల్ల, మనిషి నడుమెత్తు పుల్ల, ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడి, మాడినవి రాలి, పైన రెండే రెండు ఆకులు వేలాడుతున్నాయి, పక్కనేమో మందారం నిండా పూసింది, గన్నేరు పూసింది, కాగితపు పూల తీగ గోడెక్కి అవతలి సందులోకి కూడా ఎర్రగా ఒలుకుతోంది, అవన్నీ మొండివి, పెరటి బావి ఉప్పునీళ్ళు స్నానాల బండ మీద నుంచి కాలువగా పారి వచ్చినా తాగి బతుకుతాయి, ఇది మొండిది కాదు, ఆ సంగతి తెలిసే తెచ్చుకున్నాడు, తెలియకపోతే ఇంత బాధ లేదు, వంటింట్లో రొట్టె తట్టే చప్పుడు మొదలైంది, సుబ్బలక్ష్మమ్మ జొన్నరొట్టె తడితే చెయ్యి తడబడదు, పెళ్ళైన కొత్తలో తడబడేది, ఆమెది ఒంటిమిట్ట పక్క ఎర్రనేల, అక్కడ వరి, అరటి, ఇంటి వెనక సంపంగి చెట్టు, ఈ నల్లరేగడికి కాపురానికి వచ్చిన రోజు జడలో పెట్టుకున్న సంపంగులు వాడిపోతే పారెయ్యలేదు, పెట్టెలో చీరల మధ్యన పెట్టుకుంది, ఏళ్ళు గడిచాయి, ఈ సీమలో పత్తి వాసన, జొన్నచొప్ప వాసన, వేసవిలో మట్టి కాలిన వాసన, ఆమె ఏదీ అడగలేదు, అడిగే మనిషి కాదు, తనూ చెప్పే మనిషి కాదు, ఒక్కసారి మాత్రం, పదో ఏడో పన్నెండో ఏడో, పెట్టె తెరిచి చీర తీసి మొహానికి ఆనించుకుని, ఇంగ వాసన పొయిండాది, అనింది, తనతో కాదు, చీరతోనే అన్నట్టు అనింది, వాకిట్లో పగ్గం పేనుతున్న తను వినపడనట్టే పేనుతూ కూర్చున్నాడు, ఆ మాటకే ఈ పెరడంతా, తిరునాళ్ళకు పోతే ఒక కొమ్మ, చుట్టాలింటికి పోతే ఒక కొమ్మ, తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి గుచ్చాడు, సంపంగి కొమ్మలు మాత్రం నాలుగుసార్లు తెచ్చాడు, నాలుగుసార్లూ ఎండిపోయాయి, ఎవరికోసమప్పా ఇన్ని పూలు అని ఎవరైనా అడిగితే దేవునికి అనేవాడు, దేవునికి అని చెప్పడం ఎంత సులువు.

బతికే సంపంగిని తెచ్చిచ్చినవాడు జిలాని బాషానే, కర్నూలు రాజధాని అయిన మరుసటేడు అక్కడి కచేరీలకు సున్నం వేసే పని దొరికి మూడు నెలలు పోయాడు, వాళ్ళ బామ్మర్ది ఒక అధికారి బంగళాలో తోటమాలి, ఆ దొడ్లో ఇంతెత్తు సంపంగి, బాషా దాన్ని చూసి ఊరుకోలేదు, వేలెడు లావు కొమ్మ చూసి, ఉంగరం మాదిరి చుట్టూ బెరడు ఒలిచి, ఎర్రమట్టి, పేడ కలిపి ముద్ద పెట్టి, గోనెపట్టతో కట్టి, పైకొమ్మకు ఒక చిన్న మట్టికుండ వేలాడదీసి, కుండ అడుగున బెజ్జం, బెజ్జంలో గుడ్డపేలిక, పేలిక వెంట బొట్టు బొట్టుగా నీళ్ళు ఆ ముద్ద మీద పడాలి, పగలంతా సున్నం వేసి సాయంత్రం పోయి కుండ నింపేవాడట, రెండు నెలలకు గోనెపట్టలో నుంచి తెల్లటి వేళ్ళు బయటికి తొంగి చూశాయట, అప్పుడు కోసి, నంద్యాల దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కోయిలకుంట్ల దాకా ఇంకో బస్సులో నిలబడి, అక్కడి నుంచి ఊరిదాకా భుజాన వేసుకుని నడిచి వచ్చాడు, బస్సులో అందరూ చంటిపిల్ల సంగతి అడిగినట్టు అడిగినారన్నా ఎన్ని నెలలదని, అని నవ్వాడు, అన్నా అనే పిలుపు వాడి నోట్లో ఎప్పుడూ ఉత్తుత్తిది కాదు, తను రెండు బండ్ల ఎర్రమట్టి కొండ కింద నుంచి తోలాడు, నల్లమట్టిని నడుంలోతు తవ్వి తీసి ఎర్రమట్టి నింపాడు, ఏమప్పా దేవేంద్రప్పా గోరీ తవ్వుతాండావా అని గోడ మీది నుంచి పక్కింటి హనుమన్న ఎగతాళి చేశాడు, మొక్క దించి మట్టి తొక్కి బాషా లేచి చేతులు దులుపుకుంటూ అన్నాడు, అన్నా ఒక్క మాట, దీనికి ఏటి చెలమ నీళ్ళే, నీ బావి నీళ్ళతో కాళ్ళు కడిగినా దూరంగా కడుక్కో, ఉప్పు తగిలిందంటే ఇది ఉండదు, వదినా నువ్వూ విను, ఆయప్ప మరిచిపోతాడు, సుబ్బలక్ష్మమ్మ నవ్వింది, ఆ రోజు నుంచి తాగే నీళ్ళకు పోయినప్పుడు ఇంకో కడవ ఎక్కువ తెచ్చింది, కుందేటి ఇసుకలో గుంత తోడి, ఊరిన నీళ్ళు చిప్పతో కడవకెత్తుకుని, అర మైలు నడిచి, నలభై దాటిన మనిషి, ఒక్కనాడు విసుక్కోలేదు, మాఘంలో కొత్త చిగుర్లు, ఉగాదికి ముందు రెండు మొగ్గలు, సన్నగా, కోడిపిల్ల ముక్కులంత, ఆమె రోజూ పోయి చూసేది, ముట్టుకునేది కాదు.

దబ్బుమనలేదు, ఆగిందా, అయిపోయాయా, లేదు, ఎవరో నవ్వుతున్నారు, బీడీ ముట్టించుకుంటున్నారేమో, మళ్ళీ దబ్బు, ఆ చప్పుడు విని గుండె కుదుటపడింది, గుండె కుదుటపడినందుకే సిగ్గేసింది, లారీ ఇంకా పోలేదు కాబట్టి చెప్పడానికి పొద్దుందని కాదు, చెప్పకుండా ఉండడానికి ఇంకాస్త పొద్దుందని, ఇట్లాంటి మనిషినా నేను, ఇట్లాంటి మనిషినే, ఉగాది పోయిన మూడోనాడు ఆమె నవమి ఉత్సవాలకు పుట్టింటికి బయలుదేరింది, బండెక్కి కూర్చుని కూడా చెప్పింది, తలుపు గడి మరిచినా మరువు, దానికి దినామూ ఒక కడవ చెలమ నీళ్ళు, మొగ్గలుండాయి, అలాగేలే అన్నాడు, మరుసటి పొద్దున కడవ తీసుకున్నాడు కూడా, అది అబద్ధం కాదు, తీసుకుని ఏటి దారి మొదటి దాకా పోయాడు, అక్కడ ఆగాడు, దారి నిండా ఆడవాళ్ళు, వరసగా, నెత్తిన ఒకటి, చంకన ఒకటి, ఈ ఊళ్ళో మగవాడు నాగలి మోస్తాడు, మూట మోస్తాడు, శవాన్ని మోస్తాడు, కడవ ఎత్తుకుని ఆడవాళ్ళ వెంట చెలమకు పోడు, కావడి కట్టొచ్చు, కావడి కట్టితే ఎవరింట్లో నీళ్ళు మోస్తాండావు అంటారు, పీరమ్మ వెనక్కి తిరిగి చూసింది, ముసలిది, నోరు మంచిది కాదు, ఏమప్పా దేవేంద్రప్పా, పెండ్లాం పుట్టింటికి పోతే చీర కూడా కట్టేది నువ్వేనా, అనింది, ఆడవాళ్ళంతా కడవలు తొణికేలా నవ్వారు, చేతిలో కడవ నిప్పులకుండ అయింది, ఏం లేదమ్మా కుమ్మరాయనకు చూపిద్దామని పోతాండా, చిల్లి పడిండాది, అన్నాడు, చిల్లి పడని కడవను చంకకు కాకుండా చేత్తో వేలాడేసుకుని ఇంటికి తిరిగి వచ్చాడు, వంటింటి మూల బోర్లించకుండా అట్లే పెట్టాడు, అటువైపు మళ్ళీ పోలేదు, ఆ పొద్దున ఎండ దంచుతుంటే మొక్క తల వాల్చింది, ఒక్క పూటకేమవుతుంది అని పెరటి బావిలో చేద వేశాడు, ఒక్క చేద, మొక్క సాయంత్రానికి తలెత్తింది, చూశావా అనుకున్నాడు, చాదస్తం బాషాది అనుకున్నాడు, రెండోనాడు రెండు చేదలు, ఎండ ముదిరేకొద్దీ ఎక్కువ, పదిహేను రోజులు, ఏడోనాడు ఆకుల అంచు మాడింది, తొమ్మిదోనాడు మొగ్గలు రాలాయి, రెండూ, విచ్చకుండానే, పచ్చిగా, వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుని ఎవరైనా చూస్తున్నారేమోనని గోడ వైపు చూశాడు, తర్వాత కాలితో మట్టి కప్పాడు, ఎర్రమట్టి పైన తెల్లగా పొర కట్టింది, ఉప్పు, వేలితో గీస్తే గీత పడేంత ఉప్పు.

ఆమె వచ్చిన రోజు తలపుకు వస్తే కళ్ళు మూసుకుంటాడు, మూసుకున్నా కనిపిస్తుంది, బండి దిగి, ప్రసాదం చేతిలోనే పెట్టుకుని, కాళ్ళు కూడా కడుక్కోకుండా పెరట్లోకి పోయింది, పక్కింటి పిల్లను పంపి జిలాని బాషాను పిలిపించింది, ప్రసాదానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు, గోడవతల హనుమన్న, అందరూ చుట్టూ చేరారు, బాషా వస్తూనే అయ్యో అని మోకాళ్ళ మీద కూర్చున్నాడు, మొదలు చూడబోయాడు, ఇంకొక్క నిమిషముంటే వాడే కనుక్కునేవాడు, ఆ నిమిషానికి భయపడి తనే ముందు నోరు తెరిచాడు, ఉగాదికి గోడకు సున్నం వేసి బొక్కెన ఈడనే కడిగినావు కదప్పా, ఆ తెల్లది చూడు, ఏం చేసి పెట్టినావో, అన్నాడు, నోట్లో నుంచి వచ్చాక తన మాట తనకే పరాయిది అనిపించింది, బాషా బొక్కెన కడిగింది అక్కడ కాదు, గోడవతల, కాలువ కడ, మొక్కకు చుక్క పడకూడదని బొక్కెన తలకెత్తుకుని అటు పోవడం తను కళ్ళారా చూశాడు, బాషా తలెత్తి చూశాడు, రెండు వేళ్ళతో ఆ తెల్లపొడి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు, ఇరవై ఏళ్ళు సున్నంలో చేతులు నానబెట్టినవానికి తెలీదా, సున్నమైతే నాలుక మండుతుంది, ఇది మండలేదు, బాషా మొహంలో మంట లేదు, మెల్లగా, చాలా మెల్లగా, ఆ కళ్ళు మొక్క నుంచి బావికీ, బావి నుంచి తన మొహానికీ వచ్చి ఆగాయి, ఎంతసేపు ఆగాయో, తర్వాత బాషా లేచి సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగి, సున్నమే వదినా, చూసుకోలేదు, తప్పు నాదే, అన్నాడు, అంతే, ఉమ్మి కూడా వెయ్యలేదు, ఆ ఉప్పును నోట్లోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఊరు చేసేది ఊరు చేసింది, దేవేంద్రప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కాబట్టి ఆయన మాట్లాడితే నిజమే ఉంటుందని అందరి నమ్మకం, ఇంత మంచి మొక్కను చంపినవాడు తులసికోట కడ కూడా కడుగుతాడు బొక్కెన అని ఒకరు, చెయ్యి పట్టు తప్పిండాదిలే అని ఒకరు, పెళ్ళిళ్ళ నెల వచ్చింది, ఒక్క గోడకూ బాషాను పిలవలేదు, కోయిలకుంట్ల నుంచి వేరేవాళ్ళను తెచ్చుకున్నారు, మొన్న చాంద్ బేగం, బాషా భార్య, వాకిట్లో సున్నపు కుంచెలు కడిగి ఎండకు ఆరబెట్టి కట్ట కడుతుంటే అటు పోతూ చూశాడు, చూసి ఇంకో సందు గుండా పోయాడు, ఇరవై రోజులుగా అన్ని సందులూ తిరుగుతున్నాడు, దబ్బు, ఈ చప్పుడు గట్టిగా వచ్చింది, లారీ అడుగు తగిలినట్టు, అంటే పైవరస అయిపోయింది, ఇంక కొన్నే, దేవేంద్రప్ప వంటింటి గుమ్మంలోకి పోయాడు, ఎందుకు పోయాడో తనకు తెలీదు, సుబ్బలక్ష్మమ్మ తల తిప్పలేదు, పొయ్యిలో చొప్ప తోస్తోంది, మూలన కడవ, చెట్టు కోసం ఆమె రోజూ తెచ్చే రెండో కడవ, ఇంకా తేలేదు, ఖాళీగా ఉంది, దాన్ని తీసుకున్నాడు, ఆమె చొప్ప తోస్తున్న చెయ్యి ఒక్కసారి ఆగి మళ్ళీ సాగింది.

దారి అదే, మొదట్లోనే ఆడవాళ్ళు, ఈసారి కడవను వేలాడదీసుకోలేదు, భుజానికెత్తుకున్నాడు, ఏమప్పా చిల్లి ఇంగా పూడలేదా అని పీరమ్మ, లేదమ్మా అన్నాడు, నిలబడలేదు, ఇసుకలో కాళ్ళు కూరుకుపోయాయి, చెలమ ముందర మోకాళ్ళ మీద కూర్చుని చిప్పతో తోడుతుంటే వెనక నవ్వులు, నవ్వులు తగులుతున్నాయి, తగిలి కిందపడిపోతున్నాయి, ఇంతేనా, దీనికోసమేనా ఆనాడు వెనక్కి తిరిగింది, నీళ్ళు ఎంత మెల్లగా ఊరతాయి, ఒక్కో చిప్ప, బొట్టు బొట్టుగా, బంగళాలో కుండ నింపుతున్న బాషా, సుబ్బలక్ష్మమ్మ ఇన్ని నెలలు ఇట్లాగే కూర్చుందా, మోకాళ్ళ కింద ఇసుక ఇట్లాగే గుచ్చుకుందా, కడవ నిండి భుజానికెత్తుకుంటే సగం వీపు మీద ఒలికింది, ఆడవాళ్ళకు ఒలకదు, మగవానికి ఒలికింది, నవ్వారు, నవ్వనీ, ఊరి నుంచి వచ్చే చప్పుడు వినబడడం లేదు, బండలు అయిపోయాయి, పరిగెత్తలేడు, పరిగెత్తితే ఇంకా ఒలుకుతుంది, తడి చొక్కాతో, వంకరగా, ఊళ్ళోకి వచ్చాడు, లారీ మొహం తిప్పుకుని నిలబడింది, జిలాని బాషా ట్రంకు పెట్టె ఎత్తి లోపల పెట్టాడు, చాంద్ బేగం పక్కన నిలబడింది, హనుమన్న, కూలీలు, వెనకనే కడవలతో ఆడవాళ్ళు, దేవేంద్రప్ప కడవ దించలేదు, దించితే నోరు మూసుకుపోతుందని, బాషా, అది సున్నం కాదప్పా, ఉప్పు, నేనే పోసినా, నా బావి నీళ్ళు, పదైదు దినాలు, చెలమకు కడవ ఎత్తుకపోను సిగ్గయి పోసినా, నీ మీద వేసినా, అన్నాడు, ఇంత పొడుగు మాట ఊళ్ళో ఎవరూ ఆయన నోట వినలేదు, ఎవరూ నవ్వలేదు, పీరమ్మ మాత్రం, దీనికోసరం మనిషిని ఊరు ఇడిపిస్తివా దేవేంద్రప్పా, అనింది, ఎగతాళిగా కాదు, చాంద్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది, బాషా ఆయన మొహం చూడలేదు, భుజం మీది కడవనే చూశాడు, నీళ్ళు ఒలికిపోతాండాయన్నా, పా, ముందు చెట్టు కాడికి పా, అన్నాడు.

పెరట్లో బాషా మోకాళ్ళ మీద కూర్చుని పైనుంచి గోటితో బెరడు గీరుతూ వచ్చాడు, గోధుమరంగు, ఇంకా కిందికి, గోధుమరంగు, మొదలుకు జానెడు పైన గీరాడు, పచ్చ, సన్నగా, తడిగా, అక్కడికి కొడవలితో కోసేశాడు, కోసిన చోట పేడ అద్దాడు, బతుకుతుందా అని అడగలేదు దేవేంద్రప్ప, తెలీదన్నా అని తనే అన్నాడు బాషా, సుబ్బలక్ష్మమ్మ వచ్చి కడవ అందుకుని చుట్టూ మెల్లగా పోసింది, ఖాళీ కడవలో వేలు పెట్టి మూతి లోపల తుడిచింది, ఆ వేలు, అట్లా తుడవడం తను ఇంతకుముందు చూశాడు, ఆమె ఊరి నుంచి వచ్చిన సాయంత్రమే చూశాడు, మూలనున్న కడవ తీసి, అందులో నుంచి సాలెగూడు వేలికి చుట్టి తీసి, ఒక్క క్షణం దాన్ని చూసి, కొంగుకు తుడుచుకుని ఏటికి పోయింది, మూడు కడవలు తెచ్చి పోసింది, పైన తెల్లమట్టిని చెక్కి చేటకెత్తి, పారెయ్యడానికి వీధిలోకి పోలేదు, ఉప్పుబావి గట్టు మీదికే పోయి అక్కడే పారేసింది, చూశాడు, చూసి కూడా చూడలేదు.

వసారాలో మూడు పళ్ళేలు వేసింది, బాషా గోడకానుకుని కూర్చున్నాడు, దేవేంద్రప్ప ఎదురుగా, ఆమె తనదీ పెట్టుకుని పక్కనే, ఎప్పుడూ చివర తినే మనిషి ఇవాళ వాళ్ళతో పాటే కూర్చుంది, వేడి రొట్టె, కందిపప్పు, ఉల్లిగడ్డ, రోడ్డు మీద లారీ హారను కొట్టింది, బాషా తలెత్తలేదు, ఆమె వాని పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది, హారను మళ్ళీ కొట్టింది, కాసేపటికి చప్పుడు దూరమైంది, ట్రంకు పెట్టెను తిరిగి ఇంటికి మోయిస్తున్న చాంద్ బేగం గొంతు సందులో వినిపించింది, దేవేంద్రప్ప రొట్టె తుంచాడు, ఇరవై రోజులు ఈ నిజాన్ని తనొక్కడే మోస్తున్నాడనుకున్నాడు, తను మోసిందెక్కడ, వీడు బజారులో మోశాడు, ఈమె ఇంట్లో మోసింది, ఇద్దరూ తొణకకుండా, తన సిగ్గు తనకు బరువు కాకుండా, తను ఉత్త చేతులతో సందులు తిరిగాడు, ముక్క పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు, పప్పులో ఉప్పు లేదు, మరిచిందో, మానిందో, ఆమె మొహం చూడలేదు, బాషా నమలడం ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది, ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఉప్పు అడగలేదు, పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా అట్లాగే తిన్నారు.